మెట్టసీమలో గొర్రెల రొప్పములు: వాని ఛాయాచిత్రములు తీయు విధము

అనంతపురము నుండి కళ్యాణదుర్గము మీదుగా రాయదుర్గమునకు పోవు దారిలో ఇరువైపుల గుండ్రాళ్ళ గుట్టలు, ఎర్రనేలలు, వేరుసెనగ చేలు కనబడును. ఆ గుట్టల పాదములందు, ఊళ్ళకు కొంచెము ఎడముగా, రాళ్ళు పేర్చి వాని మీద ముళ్ళకంప పరచిన దళ్ళు అక్కడక్కడ కలవు. వానినే ఈ సీమవారు రొప్పములందురు. కొన్ని ఊళ్ళలో దొడ్లు అనుటయు కలదు. పగలంతయు మేసి వచ్చిన గొర్రెలకును, మేకలకును రాత్రి నిలువ నీడ అదియే. బస్సులో పోవువారు వానిని చూచియు చూడరు. గుట్ట మీదనుండి దొర్లిపడిన రాళ్ళ కుప్ప యనియో, వంటచెరకుకై కొట్టి పడవేసిన కంప యనియో తలచి సాగిపోవుదురు.

అట్టి రొప్పములకు ఛాయాచిత్రములు తీయవలసిన అవసరమేమో, తీయు విధమేమో ఈ వ్యాసములో వివరింపదలచితిని. నేడు ప్రతి ఊరిలోను చేతి ఫోనులందు కెమేరాలు కలవు. చదువుకొన్న యువకులు, ఉపాధ్యాయులు, పశువైద్యశాలలలో పనిచేయువారు తలచుకొన్నచో ఇందుకు వేరుగా ధనము వ్యయింపవలసినది లేదు. ఒక ఉదయము, ఒక సాయంకాలము, కొంత ఓపిక ఉన్న చాలును.

2019లో జరిగిన ఇరువదవ పశుగణన ప్రకారము మన దేశమున గొర్రెల సంఖ్య 7 కోట్ల 42 లక్షలు. అందు తెలంగాణములో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశములో 1 కోటి 76 లక్షలు ఉండినవి. అనగా దేశములోని గొర్రెలలో దాదాపు సగము తెలుగువారి రెండు రాష్ట్రములలోనే ఉన్నట్లు తేలినది. ఇన్ని జీవములు ప్రతి రాత్రియు ఎచ్చటనో ఒకచోట నిలువవలెను గదా! ఆ చోట్లు ఎట్లుండును, ఎవరు కట్టుదురు, ఏ రాయి ఎందుకు పెట్టుదురు అని ఎవరైన అడిగినచో చూపుటకు మనవద్ద చిత్రములు బహు స్వల్పము. హైదరాబాదులో ఆరవ నిజాము కొలువున ఛాయాచిత్రకారుడుగా నుండిన రాజా దీన్ దయాళ్ (1844–1905) మేడలను, దర్బారులను, వేటలను చిత్రించి మనకు మిగిల్చెను. ఆ కాలపు బరువైన కెమేరాలు మోయించుకొని గొర్రెల దొడ్డి వద్దకు పోవువారు అరుదు. ఇప్పుడు ఆ బరువు లేదు.

తొందరపడవలసిన కారణము కూడ కలదు. పొలములలో మంద నిలుపునప్పుడు కంపకు బదులుగా నైలాను వలలు చుట్టుట వాడుకలోనికి వచ్చినది. వలను చుట్టచుట్టి భుజమున వేసికొనవచ్చును, ముల్లు గ్రుచ్చుకొనదు, గడియలో పని తీరును. కాపరికి ఇది మేలే గాని చెరుపు కాదు. ఊరి ప్రక్క రొప్పములకు బదులుగా ఇనుపరేకుల షెడ్లు లేచుచున్నవి. ఇదియు పలుచోట్ల మేలే. అయినను పాత రొప్పములో తాతతండ్రులు నేర్చిన గాలి, నీరు, ఎండల లెక్క ఒకటి కలదు. క్రొత్త షెడ్డు కట్టువారికి ఆ లెక్క కావలెను. కంప ఒకటి రెండు ఏండ్లలో పుచ్చి రాలిపోవును. రాళ్ళను ఇంకొక గోడకు మోసికొని పోవుదురు. మిగులునది చూచినవారి జ్ఞాపకము మాత్రమే.

ఈ విషయములో నేను చేసిన పొరపాటును మొదట చెప్పుట న్యాయము. సుమారు పదునైదేండ్ల క్రిందట, నేను ఉద్యోగమునకు క్రొత్తవాడనై యుండగా, రేకుల షెడ్ల ఉపయోగమును తెలుపుటకు ఒక చిన్న పుస్తకము సిద్ధపరచవలసి వచ్చెను. ఒక పుటలో పాత రొప్పము, ఎదుటి పుటలో క్రొత్త షెడ్డు ఉండవలెనని మా సంకల్పము. గుట్టల నడుమ ఒక ఊరికి మిట్టమధ్యాహ్నము చేరితిని. మంద మేతకు పోయియుండెను. ఎండ మండిపోవుచుండెను. ఒక గుండు మీదికెక్కి, క్రిందనున్న రొప్పమును పైనుండి ఒక్క చిత్రము తీసి దిగివచ్చితిని. షెడ్డు వద్దకు పోవుసరికి అది కడిగి, ముగ్గులు పెట్టి, వాకిటికి మామిడాకుల తోరణము కట్టియుండెను. దానిని సాయంకాలపు వెలుగులో నాలుగైదు చిత్రములు తీసితిని. పుస్తకము అచ్చయినది, అందరును బాగున్నదనిరి.

కొన్ని నెలల తరువాత మరియొక పనిమీద ఆ దారినే పోవుచు, ఒక ప్రతిని ఆ రొప్పము యజమానికి ఇచ్చితిని. ఆయన వయస్సు అరువది దాటియుండును. పుట తిరుగవేసి చాలసేపు చూచెను. అది తన రొప్పమేనని ఆయనకు తెలియలేదు. నేను చెప్పిన మీదట ఇట్లనెను: “ఇది మాదా సారూ? జీవాలు మేతకు పోయినాక వస్తిరి. వాకిలి కంప తీసి పక్కన పడేసింటిమి. ఇట్ల తీస్తే ఎవురికైనా కుప్ప మాదిరే కనపడతాది.”

ఆయన మాటలో కోపము లేదు. నా తల మాత్రము వంగినది. చిత్రములలో దేనిని నేను దిద్దలేదు, మార్చలేదు. కాని ఒకదానికి అది ఖాళీగా నున్న వేళను, రెండవదానికి అది అలంకరింపబడిన వేళను నేనే ఎంచుకొంటిని. ఆనాడు ఆయనయే నన్ను ఆ రేకుల షెడ్డు వద్దకు తీసికొనిపోయెను. అది మే మాసము. లోపల రేకుల సెగకు నిలువలేక గొర్రెలు అన్నియు దూరముననున్న వేపచెట్టు క్రింద తలలు ఒకదాని పొట్ట క్రింద ఒకటి దూర్చుకొని నిలిచియుండెను. అయితే వానకాలములో ఆ షెడ్డులోని పిల్లలే పొడిగా నుండినవనియు, తన రొప్పములో బురదకు గిట్టలు చెడినవనియు కూడ ఆయనయే దాపరికము లేక చెప్పెను. నా పుస్తకములో ఈ రెండు మాటలలో ఒక్కటియు లేదు.

ఇట్టి చిక్కు మా వృత్తికి క్రొత్త కాదు. 1936లో అమెరికా దేశములో గొప్ప అనావృష్టి కలిగినప్పుడు, అచ్చటి ప్రభుత్వశాఖ ఒకటి రైతుల కష్టములను చిత్రించుటకు ఛాయాచిత్రకారులను పంపెను. వారిలో ఆర్థర్ రాత్‌స్టీన్ అను యువకుడు దక్షిణ డకోటా రాష్ట్రములో ఎండకు తెల్లబారిన ఎద్దు పుర్రె నొకదానిని చూచి, దానిని కొన్ని అడుగులు జరిపి, నెఱ్ఱెలు బారిన నేలమీద పెట్టి కూడ చిత్రము తీసెను. కరవు నిజము, పుర్రె నిజము, నేల నిజము. అయినను పుర్రెను జరిపినాడను సంగతి బయటపడగానే ప్రతిపక్షపు పత్రికలు అదంతయు బూటకమని గోలచేసెను. అది అధ్యక్షుని ఎన్నిక జరుగు సంవత్సరము కూడ. ఒక పుర్రె జరిగినందుకు కరవు చిత్రములన్నింటి మీదను అనుమానము కలిగినది. కనుక రొప్పములోని రాయిని గాని, కంపను గాని, నీళ్ళతొట్టిని గాని చిత్రము అందముగా నుండుటకై జరుపరాదు. చిమ్మి ముగ్గులు వేయింపరాదు. అట్లే, మరింత దయనీయముగా కనబడుటకు ఉన్న తడికను తీసివేయింపనురాదు.

చిత్రము తీయువారు మొదట రొప్పమును చదువ నేర్చుకొనవలెను. కెమేరాను సంచిలోనే యుంచి, కాపరి వెంట ఒక్కసారి చుట్టి రావలెను.

ఈ సీమ వానచాటు సీమ. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలపై వానను కురిపించి, ఇచ్చటికి వచ్చుసరికి ఎక్కువగా గాలియే మిగులును. ఈశాన్య ఋతుపవనపు వానలు తూర్పుతీరమున కురిసి, ఇంత దూరము అరకొరగా చేరును. ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 2022 ఏప్రిల్‌లో పాత అనంతపురము జిల్లా అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడివడినది గాని గాలికి ఆ సరిహద్దు తెలియదు. జూన్ మొదలు ఆగస్టు వరకు పడమటినుండి వీచు ఆ గాలితోనే రామగిరి కొండల మీది గాలిమరలు తిరుగుచున్నవి. రాత్రివేళ ఆ గాలి, సన్నని తుంపర కలిసినచో, ఈనిన రెండుమూడు దినముల పిల్ల తట్టుకొనలేదు.

అందువలన మంచి రొప్పమునకు పడమటి గోడ ఎత్తుగా నుండును. కొందరు గోడకు మారుగా పెద్ద గుండునే పడమట ఉండునట్లు చోటు వెదకుకొందురు. రాయి పగలు వేడెక్కి రాత్రి చాలసేపటివరకు వెచ్చగా నుండును. వాకిలి తూర్పునకో, ఈశాన్యమునకో ఉండును. దానివలన గాలి లోనికి దూరదు. ఉదయపు టెండ లోపలి నేలను ఆరబెట్టును. నేల చదునుగా నుండదు, కొద్దిపాటి వాలు కలదు. వాన పడినప్పుడు నీరు వాకిటి వైపుగానో, గోడ అడుగున విడిచిన సందులలోనుండియో జారిపోవును. గోడలో మట్టిగాని, సున్నముగాని ఉండదు. పెద్దరాళ్ళు అడుగున, చిన్నవి పైన. సందులలో పెంకుల వంటి చెక్కురాళ్ళు బిగింతురు. యాడికి, తాడిపత్రి వైపునకు పోయినచో గుండ్రాళ్ళకు మారు నాపరాళ్ళు. ఆ పలకలను నిలువుగా పాతి వరుసగా గోడ పట్టింతురు. ఏ ఊరి నేల ఏ రాతి నిచ్చునో ఆ ఊరి దొడ్డి ఆ రూపమున నుండును.

గోడమీది కంపను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. దూరమునుండి చూచినవారికి అది ఎట్లుపడిన అట్లు విసరినట్లు తోచును. దగ్గర నిలిచి చూచినచో మొదళ్ళు లోపలికి, ముళ్ళకొనలు బయటికి ఉండునట్లు పేర్చిరని తెలియును. బయటినుండి వచ్చు తోడేలుకు ముల్లు ఎదురగును. లోపలనుండి సర్దుకొను మనిషి చేతికి మొద్దు చిక్కును. రేగు, తుమ్మ ఇందుకు శ్రేష్ఠములు. ఇప్పుడు ఎక్కడ చూచినను సర్కారుతుమ్మయే. వాకిలి అనగా తలుపు కాదు. ఒక గుబురైన కంపకొమ్మ. రాత్రి కాపరి లోనికి పోయి, దాని మొదలు పట్టి ఈడ్చుకొనినచో వాకిలి మూసికొనును. నా పాత చిత్రములో ప్రక్కన పడియుండి చెత్తవలె కనబడినది ఈ తలుపే!

లోపల ఒక మూల పిల్లలకు వేరు చోటు. రెండు బండలపై మూడవది కప్పిన గూడు కావచ్చును. తడికల చాటు కావచ్చును. వెదురుబద్దల గంపను బోర్లించుటయు కలదు. పెద్ద గొర్రెలు తొక్కకుండుటకును, తల్లి మేతకు పోయినప్పుడు పిల్ల వెంటపడకుండుటకును ఈ ఏర్పాటు. కొన్ని రొప్పములలో ఒక ప్రక్క బోదగడ్డి కప్పిన సన్నని చాటు ఉండును. నేల మీద ఎండిన పెంట పొరలు పొరలుగా పేరుకొని మెత్తని పరుపువలె నుండును. చిత్రము తీయువారు దానిని అసహ్యముగా భావింపవలదు. గొర్రె పెంట రైతునకు విలువైన ఎరువు. చేలలో మంద నిలుపుటకు రైతులు కాపరికి ధాన్యమో, రొక్కమో ఇత్తురు. అయితే ఆ పరుపు తడిసినచో అదియే గిట్టల పుండ్లకును, పిల్లల ఊపిరితిత్తుల జబ్బులకును కారణమగును. పొడినేల, తడినేల రెండును చిత్రములో తెలియవలెను.

ఇంతవరకు చూచిన పిదప కెమేరా తీయవచ్చును.

వెలుగు మొదటి సంగతి. అనంతపురము ఇంచుమించు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. కనుక ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు రెండవ వారములో ఒకసారి సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తిన నిలుచును. ఆ దినములలో నిలువుగోడకు నీడయే ఉండదు. వేసవి అంతయు మధ్యాహ్నపు స్థితి ఇంచుమించు ఇట్టిదే. నీడ లేనిదే రాయికి రాయికి నడుమ సందు కనబడదు. కంప అంతయు ఒక బూడిదరంగు మసకగా మారును. ప్రొద్దు పొడిచిన పిదప గంట గంటన్నర వరకును, ప్రొద్దు గ్రుంకుటకు ముందు అంతే కాలమును వెలుగు ప్రక్కనుండి వచ్చి ప్రతి రాతిని విడివిడిగా చూపును.

మబ్బు పట్టిన దినము కూడ మంచిదే. జర్మనీ దేశీయులైన బెర్న్ట్ బెహర్, హిల్లా బెహర్ దంపతులు 1959 మొదలు దాదాపు ఐదు దశాబ్దములు గనులపై నుండు ఇనుప గోపురములను, నీటి గోపురములను, పాత పారిశ్రామిక కట్టడములను వేలకొలది చిత్రించిరి. వారు ఎండను కోరలేదు. మబ్బు పట్టిన వెలుగునే ఎంచుకొనిరి. ప్రతి కట్టడమును ఎదురుగా, ఒకే తీరున, వంకర లేక తీసి, ఒకే జాతివానిని వరుసగా ప్రక్క ప్రక్కన పెట్టిరి. అప్పుడు చూచువారికి ఒకదానికి ఒకదానికి గల భేదము తనంతట తానే తెలిసినది. మన రొప్పములకు ఈ పద్ధతి మిక్కిలి తగినది. పది ఊళ్ళ రొప్పములను ఒకే దూరమునుండి, వాకిలి ఎదుట నిలిచి తీసి, వరుసగా అంటించి చూడుడు: పడమటి గోడ ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో, ఎవరు ఎందుకట్లు కట్టిరో మీరే అడుగుదురు. మన సీమలో జూలై, ఆగస్టు నెలలలో మబ్బులు క్రమ్మి చినుకు రాలక తేలిపోవు దినములకు కొరత లేదు. సేద్యగానికి కడుపుమంట కలిగించు దినము చిత్రకారునికి అనుకూలమగుట వింతయే. ఆ మాట ఆ దినమున రైతు ఎదుట అనకుండుట మంచిది.

ఒక్క చిత్రముతో పని తీరదు. మొదట దూరమునుండి, గుట్ట, ఊరు, దారి, నీటి చోటు కనబడునట్లు ఒకటి తీయవలెను. రొప్పము ఎక్కడ ఉన్నదో తెలియనిదే అది అక్కడ ఎందుకున్నదో తెలియదు. పిదప నాలుగు దిక్కులనుండియు తీసి, ఏది ఏ దిక్కో వెంటనే వ్రాసికొనవలెను. గుండు మీదనుండి తీసినది పటము వంటిది; లోపలి అరలను చూపుటకు పనికివచ్చును గాని, నేను చేసినట్లు అది ఒక్కటి తీసి దిగిరారాదు. వాకిలి ఎదుట మోకాళ్ళపై కూర్చుండి, గొర్రె కంటి ఎత్తునుండి తీసిన చిత్రములో గోడ గోడగా కనబడును. చివరకు దగ్గరి చిత్రములు: కంప మొదళ్ళు, రాళ్ళ బిగువు, పిల్లల గూడు, నీరు పోవు సందు.

కొలత మరువరాదు. చిత్రములో రెండడుగుల గోడ ఆరడుగులదిగా భ్రమ కలిగింపవచ్చును. కాపరి చేతికర్రకు అడుగడుగునకు సున్నపు గీత పెట్టి గోడకు ఆనించిన చాలును. లోపలి పొడవు, వెడల్పు అడుగులతో కొలిచి వ్రాయవలెను. ఎదిగిన గొర్రె ఒక్కంటికి కప్పు క్రింద సుమారు ఒక చదరపు మీటరు, ఆరుబయట దానికి రెట్టింపు చోటు కావలెనని పశుపోషణ శాస్త్రము చెప్పుచున్నది. కొలతలున్న చిత్రము చూచి పశువైద్యుడు ఆ రొప్పమున జీవములు ఇరుకున నున్నవో లేవో అక్కడికక్కడ చెప్పగలడు.

లోపలి గూటిని తీయునప్పుడు బయటి ఎండ కెమేరాను మోసగించును. వెలుగు ఎక్కువని తలచి ఫోను చిత్రమును చీకటి చేయును. అప్పుడు తెరమీద చీకటిగా నున్న చోటనే వ్రేలితో తాకినచో గూడు కనబడును. బయట తెల్లబారిపోయినను విచారింపవలదు. ఫ్లాషు వెలిగింపరాదు. ఈనబోవు గొర్రె, ఈనిన గొర్రె బెదరి పిల్లను తొక్కు ప్రమాదము కలదు. ఈ సీమ దుమ్ము కెమేరా కంటిని గడియలో మూసివేయును. మెత్తని గుడ్డ ఒకటి జేబులో నుండవలెను.

అన్నింటిలో ముఖ్యమైన చిత్రము మంద ఇల్లు చేరు వేళది. ప్రొద్దు వాలగానే దుమ్ములోనుండి అరుపులు వినబడును. పిల్లలు లోపలనుండి బదులు పలుకును. వాకిలి ఇరుకుగా నుండుటకు కారణము అప్పుడు తెలియును: కాపరి ప్రక్కన నిలిచి జీవములను లెక్కపెట్టుకొనుచు లోనికి విడుచును. ఆ సమయమున క్రొత్తవారు వాకిలి ఎదుట నిలిచినచో ముందరి గొర్రె ఆగును. దానితో మంద అంతయు చెదరును. ముప్పది నలువది అడుగుల దూరమున, ప్రక్కగా, ఏదైన గుండునకు ఆనుకొని నిలువవలెను. చీకటి పడుచుండును గనుక ఫోనును రాతిమీద ఆనించి కదల్పక తీయవలెను. కుక్కలను గూర్చి కాపరిని ముందే అడుగవలెను. ఒకసారి నేను అడుగక పోయి, గంటసేపు గుండు మీదనే కూర్చుంటిని.

చిత్రము తీయుటకు ముందు యజమాని అనుమతి పొందవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. ఇంకొక జాగ్రత్త కలదు. నేటి ఫోనులు, ఆ ఏర్పాటు తెరచియున్నచో, చిత్రముతోపాటు తీసిన చోటి గుర్తును గూడ దాచుకొనును. ఉపాధి హామీ పథకము క్రింద కట్టిన పనులకు ముందు, నడుమ, పిదప మూడు చిత్రములు స్థల గుర్తుతో పంపు పద్ధతి 2017లో ప్రారంభమైనది. పని నిజముగా జరిగినదని నిరూపించుటకు అట్టి గుర్తు అవసరము. కాని పదిమందికి పంచు చిత్రములో ఊరవతల ఒంటరి రొప్పము చోటు, అందలి జీవముల సంఖ్య తెలియజేయుట గొర్రెల దొంగలకు దారి చూపుటయే. పంచు చిత్రములలో ఆ గుర్తు తీసివేయవలెను.

యజమానికి ఇందువలన లాభమేమని అడుగవచ్చును. గాలివానకు గోడ కూలినప్పుడు, అంతకుముందు తేదీతో తీసిన చిత్రమున్నచో ఏమి ఉండెనో, ఏమి పోయెనో చూపుట సులభము. జీవములు చనిపోయినప్పుడు పశువైద్యుని ధ్రువపత్రమునకు చిత్రము బదులు కానేరదు, దానికి తోడగును. క్రొత్త షెడ్డు మంజూరైనప్పుడు, పాత రొప్పములో వాకిలి ఏ దిక్కున ఉండెనో, గాలి ఎటునుండి కొట్టునో ఇంజనీరునకు చూపి అడుగవచ్చును. రేకుల మీద బోదగడ్డి కప్పించి సెగ తగ్గించుకొన్నవారును కలరు.

ఫోనులో నున్న చిత్రము ఫోనుతోనే పోవును. మంచివానిని కాగితముపై అచ్చు వేయించి, వెనుక తేదీ, ఊరు, దిక్కు, కట్టినవారి పేరు, కట్టిన సంవత్సరము, రాయికి కంపకు ఆ ఊరివారు వాడు పేర్లు వ్రాసి, ఒక ప్రతి బడిలోను, ఒక ప్రతి యజమాని ఇంటను ఉంచవలెను.

నేను పొరపాటు చేసిన ఊరికి మరల రెండేండ్ల క్రిందట పోయితిని. ఈసారి ఒక రాత్రి అచ్చటనే నిలిచి, సాయంకాలము మంద చేరుటను, మరునాటి ఉదయము రొప్పమును నాలుగు వైపులనుండి తీసితిని. నెల తిరుగకముందే అచ్చు వేయించిన చిత్రములు తీసికొనిపోయి పెద్దాయన చేతికిచ్చితిని. కొడుకు ప్రక్కన నిలిచెను. మొదటి చిత్రము చూడగానే, “ఇది మాదే” అనెను. ఒక్కొక్కటే వెలుగునకు ఎత్తి చూచుచు, పడమటి వైపునుండి తీసినదానివద్ద ఆగి, గోడ చివర వ్రేలు పెట్టి కొడుకును పిలిచెను. “చూడురా, ఈ మూల కంప పలచబడ్డాది. ఇంత సందుంటే తోడేలు దూకదా?” నేను బస్సు కొరకు రచ్చబండ వద్ద కూర్చుండియుండగా, ఆ కొడుకు గొడ్డలి భుజమున వేసికొని చెరువుకట్ట మీది తుమ్మల వైపు పోవుచుండెను.